చిల్లు కాదు, తూము

పడవకు రంధ్రం వేయడమంటే కూర్చున్న కొమ్మను నరుక్కోవడమే అని ఎవరికైనా తోస్తుంది. నీటిని వెలుపలనే నిలిపి ఉంచడం పడవ ధర్మం. ఆ ధర్మానికి భంగం కలిగించేది రంధ్రం. అయినప్పటికీ సముద్రం మీద బ్రతికేవారు తమ పడవ వెనుక పలకకు, అడుగుభాగాన, కొలిచి గుర్తుపెట్టి తామే ఒక రంధ్రం వేసుకొంటారు. దానికి లోహపు చట్రం తొడిగి, మరతో బిగిసే బిరడా అమర్చుకొంటారు. పడవ ఒడ్డున ఉన్నప్పుడు బిరడా విప్పితే లోపలి నీరు వెలుపలికి పోతుంది. నీటిలోకి దించే ముందు బిగిస్తే వెలుపలి నీరు లోపలికి రాదు. బొటనవేలంత ఈ చిన్న వస్తువును గురించి ఆలోచించిన కొద్దీ ఎన్నో విషయాలు స్ఫురిస్తాయి.

మన భాషలో రంధ్రాలకు రెండు పేర్లున్నాయి: చిల్లు, తూము. కుండకు పడేది చిల్లు. చెరువుకు పెట్టేది తూము. చిల్లు మనకు తెలియకుండా, మన ఇష్టంతో పనిలేకుండా పడుతుంది. తూము మనం ఆలోచించి, చోటు చూసి పెట్టుకొంటాం. దాన్ని తెరవడమూ మూయడమూ మన చేతిలోనే ఉంటాయి. ప్రకాశం సీమలో గుండ్లకమ్మకు అడ్డంగా కట్టిన కంభం చెరువు విజయనగర రాజుల కాలం నాటిది. అటువంటి పెద్ద చెరువులను నిర్మించిన మన పూర్వులు కట్టతో తృప్తిపడలేదు. కట్ట నీటిని నిలుపుతుంది. తూము ఆ నీటిని పొలాలకు వదులుతుంది. అలుగు మిగులు నీటిని సాగనంపుతుంది. ఈ మూడింటిలో ఏది లోపించినా అది చెరువు అనిపించుకోదు. నిలపడం ఎంత విద్యో, వదలడం కూడా అంత విద్యే.

అయితే మన తీరంలోని పాత పడవలకు ఈ బిరడా అవసరం అంతగా ఉండేది కాదు. నిజాంపట్నం నుండి సూర్యలంక, వాడరేవు, మోటుపల్లి మీదుగా కొత్తపట్నం దాకా వ్యాపించిన ఈ ఇసుక తీరానికి చాలా పాత చరిత్ర ఉన్నది. శాతవాహనులు తమ నాణేల మీద రెండు తెరచాపల ఓడను ముద్రించుకొన్నారు. కాకతీయ గణపతిదేవుడు 1244 ప్రాంతంలో మోటుపల్లిలో వేయించిన అభయ శాసనం తెలుగు విద్యార్థులు తప్పక తెలుసుకోదగినది. తుఫానుకు చిక్కి ఒడ్డుకు కొట్టుకొని వచ్చిన ఓడలలోని సరుకును పూర్వపు రాజులు స్వాధీనం చేసుకొనేవారు. గణపతిదేవుడు ఆ పద్ధతిని మాన్పించాడు. నిర్ణీతమైన సుంకం తప్ప మరేమీ తీసుకోబోమని సముద్ర వ్యాపారులకు అభయమిచ్చాడు. ప్రాణాలకంటే ధనమే గొప్పదని ఎంచి సముద్రాన్ని దాటి వచ్చే వారిపట్ల రాజు చూపిన దయ అది. సముద్రంలో పోయే మనిషి ఎంత ప్రమాదానికి లోబడి ఉంటాడో ఆ శాసనం రాయించినవారికి తెలుసు.

పెద్ద ఓడల మాట అలా ఉండగా, సామాన్య మత్స్యకారుని వాహనం తెప్ప. తేలికైన కలప దుంగలను పక్కపక్కన చేర్చి తాళ్ళతో బిగించి కట్టేది అది. అల వచ్చి తెప్ప మీద విరిగితే ఆ నీరు దుంగల సందుల నుండి తిరిగి సముద్రంలోకే జారిపోతుంది. తెప్పలో నీరు నిలవడమన్న ప్రశ్నే లేదు. తెప్ప మీద కూర్చున్నవాడు తడుస్తాడు గాని మునగడు. రెండవది నావ. పలకలను కొబ్బరి పీచు తాడుతో కుట్టి, అలల దెబ్బకు విరగకుండా వంగేటట్లు తయారుచేసేవారు. ఆ కుట్ల నుండి నీరు ఎప్పుడూ ఊరుతూనే ఉండేది. అందువల్ల ఒక మనిషి నీటిని తోడిపోస్తూనే ఉండేవాడు. తెప్ప నీటిని దాచుకోదు. నావ తన లోపాన్ని దాచుకోదు. ఆ రెండూ తమను నమ్మినవారిని ఎప్పటికప్పుడు మేలుకొలుపుతూ ఉండేవి.

కాలక్రమాన మంచి కలప దొరకడం కష్టమయింది. ఐక్యరాజ్య సమితికి చెందిన ఆహార, వ్యవసాయ సంస్థ 1979లో మద్రాసు కేంద్రంగా బంగాళాఖాత కార్యక్రమాన్ని ప్రారంభించింది. రేవు లేని ఇసుక తీరాలలో అలల నడుమ దిగగల పడవల నమూనాలను ఆ కార్యక్రమం రూపొందించి పరీక్షించింది. క్రమంగా ఫైబర్ పడవలు, ఫైబర్ తెప్పలు మన తీరానికి వచ్చాయి. 2004 డిసెంబరు 26 నాటి సునామీ తరువాత పునరావాసంలో భాగంగా అవి మరింత విస్తరించాయి. సన్నని గాజు పోగులతో చేసిన చాపను అచ్చులో పరచి, దాని మీద జిగురువంటి రెసిన్ పోసి, పొరపై పొర వేసి గట్టిపరిస్తే ఫైబర్ పడవ తయారవుతుంది. దానికి పురుగు పట్టదు, చెద పట్టదు. ఇందులో కుట్లు లేవు, సందులు లేవు.

సందులు లేకపోవడమే దాని గుణం. అదే దాని దోషం కూడా. వెలుపలి నీటిని లోపలికి రానివ్వనిది, లోపలి నీటిని వెలుపలికి పోనివ్వదు. ఒడ్డున నిలిపి ఉంచిన తెప్ప మీద ఎంత వాన కురిసినా అది తెప్పే. ఒడ్డున నిలిపిన ఫైబర్ పడవలో వాన కురిస్తే అది తొట్టి. ఒక చిన్న లెక్క చూడండి. పడవ పొడవు 6 మీటర్లు, పైభాగం సగటు వెడల్పు 1.5 మీటర్లు అనుకొందాం. ఒక తుఫాను రాత్రి 10 సెంటీమీటర్ల వాన కురిస్తే ఆ పడవలో చేరే నీరు 900 లీటర్లు. అంటే 900 కిలోల బరువు. 60 కిలోల మనుషులు 15 మంది ఎక్కి కూర్చున్నట్లే. పైగా మనుషులు చెప్పినచోట కదలకుండా కూర్చుంటారు. నీరు కూర్చోదు. పడవ ఏ పక్కకు కొంచెం ఒరిగినా నీరంతా ఆ పక్కకే పరుగెత్తి, ఒరిగినదాన్ని మరింత ఒరగదోస్తుంది. సముద్రంలో పడవను ముంచేది ఎల్లప్పుడూ సముద్రమే కాదు. తాను మోసుకొని వెళ్ళిన నీరు కూడా ముంచగలదు.

తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుండి జూన్ 14 దాకా 61 రోజులు మరపడవలతో సముద్రంలో చేపల వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టి పెరగడానికి ఇచ్చే గడువు అది. పడవలను బాగుచేసుకోవడానికి కూడా అదే అదను. అటువంటి ఒక వేసవిలో వాడరేవు ఇసుకలో ఒక పాత ఫైబర్ పడవకు బిరడా అమర్చడం నేను రెండు రోజులపాటు చూశాను. పడవ సునామీ తరువాతి కాలం నాటిది. దాని యజమాని అరవై దాటిన మనిషి. అంతవరకు ఆ పడవలోని నీటిని డబ్బాలతోనే తోడేవారట. అంతకుముందు సంవత్సరం వాన వెలిసిన తెల్లవారుజామున, సగం తోడి సగం వదిలేసి, ఆయన కొడుకు మరి ఇద్దరితో కలిసి పడవను దించాడు. ఒడ్డుకు దగ్గరలోనే అల పక్కనుండి తాకింది. లోపలి నీరంతా ఒక వైపుకు చేరింది. పడవ తిరగబడింది. ముగ్గురూ ఈదుకొంటూ వచ్చారు. వల, ఇంజను నీటిపాలయ్యాయి. ఇంజను కోసం తెచ్చిన అప్పు ఇంకా తీరలేదని ఆయన ఇతరుల కథ చెబుతున్నట్లు నిదానంగా చెప్పాడు.

"పడవంటే నీళ్ళు లోపలికి రానీనిది అనుకుంటారు మాస్టారూ, అది సగం మాట. వచ్చిన నీళ్ళు బయటికి పోనిచ్చేదే పడవ" అన్నాడాయన.

ఆ పనిలో నన్ను ఆకర్షించినది దాని క్రమం. మొదట పడవ ముందు భాగాన్ని దుంగల మీద కొంచెం ఎత్తి నిలిపారు. ఒక బిందెడు నీటిని లోపల పోసి, అది ఎక్కడికి వెళ్ళి ఆగుతుందో చూశారు. నీరు తానే ఆగిన చోటు పల్లం. రంధ్రానికి అదే సరైన స్థానం. అడుగు పలకకు కాక వెనుక పలకకే రంధ్రం ఎందుకని అడిగాను. పడవను ఇసుక మీద ఈడ్చినప్పుడల్లా అడుగు ఒరుసుకుపోతుందనీ, అక్కడ పెట్టిన చట్రం నాలుగు రోజులు నిలవదనీ సమాధానం వచ్చింది.

తరువాత పరీక్ష. మన ఇళ్ళలో ఆడవారు కుండను కొనే ముందు వేలి కణుపుతో కొట్టి చూస్తారు. మంచి కుండ ఖంగుమంటుంది. ఓటికుండ బొదబొదమంటుంది. పెద్దాయన కూడా చెక్క సుత్తితో వెనుక పలకనంతా జానెడు జానెడు దూరాన కొట్టుకొంటూ చెవి ఒగ్గి విన్నాడు. ఇంజను బరువును మోయడానికి ఆ పలకలో ఫైబర్ పొరల మధ్య చెక్కను పెడతారు. ఫైబర్ కుళ్ళదు. లోపలి చెక్క మాత్రం కుళ్ళుతుంది. ఎప్పటిదో ఒక మేకు రంధ్రం నుండి, జుట్టు వెంట్రుకంత పగులు నుండి నీరు దిగి, సంవత్సరాల తరబడి చెక్కను నానబెడుతుంది. పైకి రంగు మెరుస్తూనే ఉంటుంది. శబ్దం ఖంగుమన్నచోట సన్నని బిట్టుతో కొద్దిగా తొలిచి, వచ్చిన పొట్టును అరచేతిలో పోసుకొని చూశారు. పొట్టు తెల్లగా, పొడిగా ఉన్నది. నల్లగా, తడిగా వచ్చి ఉంటే పని అంతటితో ఆపి, కుళ్ళిన చెక్కను తీసివేసి పలకను బాగుచేసిన తరువాతనే రంధ్రం మాట ఎత్తాలి.

రంధ్రం వేసేటప్పుడు అంచులు పెచ్చులు లేవకుండా ముందుగా ఆ చోట టేపు అంటించారు. గాజు పొడి ఊపిరితిత్తులకు చేటు. కనుక ముక్కుకు, నోటికి గుడ్డ కట్టుకొన్నారు. ఇటువంటి పనికి తగిన ముసుగును తొడుక్కోవడం మరింత మంచిది. చట్రం గొట్టానికి కావలసినది 25 మిల్లీమీటర్ల రంధ్రం. వారు వేసినది 38 మిల్లీమీటర్ల రంధ్రం. కొలత తప్పిందేమో అనుకొన్నాను. అసలు రహస్యం అక్కడే ఉన్నది. రంధ్రం వేయగానే లోపలి చెక్క అంచు బయటపడింది. ఆ అంచును అలాగే వదిలి చట్రం బిగిస్తే నీరు దాని చుట్టూ చేరి, చెక్కలోకి దిగి, ఐదారేళ్ళలో పలకనంతా తినివేస్తుంది. రక్షణ కోసం పెట్టిన తూమే చిల్లుగా మారుతుంది. అందువల్ల పెద్ద రంధ్రం వేసి, గరుకు కాగితంతో రుద్ది, దుమ్ము తుడిచి, చిక్కగా కలిపిన ఎపాక్సీతో దాన్ని పూర్తిగా పూడ్చివేశారు. మే నెల ఎండకు ఆ మిశ్రమం చేతిలోనే గట్టిపడుతుంది. కనుక తెల్లవారుజామునే, కొద్దికొద్దిగా కలిపి వాడారు.

మరునాడు అది రాయిలా బిగిసిన తరువాత, పూడ్చినచోటనే నట్టనడుమ 25 మిల్లీమీటర్ల రంధ్రం వేశారు. ఇప్పుడు చుట్టూ దాదాపు 6 మిల్లీమీటర్ల మందాన ఎపాక్సీ గోడ నిలిచింది. ఇక నీటికీ చెక్కకూ ముఖాముఖి లేదు. స్క్రూలు దిగే చిన్న రంధ్రాలకు కూడా ఇదే సంస్కారం జరిగింది. చట్రం వెనుక పడవలకు వాడే మెత్తని సీలెంట్ పూసి, అది అంతా పక్కలకు పిండుకొని పోకుండా నిదానంగా బిగించారు. చట్రం, స్క్రూలు ఒకే లోహానివి. ఉప్పునీటిలో రెండు భిన్న లోహాలు ఒకదానినొకటి తాకుతూ ఉంటే బలహీనమైన లోహం తొందరగా తినివేయబడుతుంది. ఇత్తడిలోని తుత్తునాగాన్ని సముద్రపు నీరు లాగివేసి దాన్ని గుల్లబారుస్తుంది. అందుకే కంచు గాని, మంచి రకం స్టెయిన్‌లెస్ స్టీలు గాని వాడతారు. బిరడాను లోపలినుండి బిగించే విధంగా అమర్చారు. నడిసముద్రంలో అది వదులైనా నీటిలోకి దిగకుండా చేయి చాపి బిగించుకోవచ్చు. బిరడాకు రబ్బరు వాషరు వేసి, నైలాను తాడుతో పడవకే కట్టారు. అటువంటిదే మరొక బిరడాను పనిముట్ల డబ్బాలో వేసుకొన్నారు.

చివరి పరీక్ష నన్ను ఎంతో ఆలోచింపజేసింది. పడవను సముద్రానికి తీసుకొనిపోలేదు. ఒడ్డుననే ఉంచి, బిరడా బిగించి, బిందెలతో నీరు మోసి పడవలోనే పోశారు. తరువాత వెలుపలి నుండి చట్రం చుట్టూ వేలితో తడిమి చూశారు. ఒక్క చుక్క కూడా ఊరలేదు. సముద్రంలో పొడిగా ఉండాలంటే ముందుగా నేల మీద తడిసి చూడాలన్నమాట. ఆ తరువాత బిరడా విప్పగానే నీరు చిన్న ధారగా ఇసుకలోకి దూకింది. కొడుకు ఆ ధార కింద చేయి పెట్టి, పూర్తిగా ఆగేదాకా అక్కడే నిలబడ్డాడు.

పత్తి, మిరప పండించే మన మైదానాల వారికి ఈ సత్యం కొత్తది కాదు. నల్లరేగడి నేల నీటిని తొందరగా వదలదు. మిరపకు నీరు పెట్టడం ఒక ఎత్తు, ఎక్కువైన నీటిని తీయడం ఒక ఎత్తు. చేను జాలుపడితే వేర్లకు గాలి అందదు. మొక్క నీటిలో నిలబడే వాడిపోతుంది. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుఫాను బాపట్ల సమీపాన తీరం దాటినప్పుడు ఈ ప్రాంతపు రైతులు పారలు పట్టుకొని చేలకు పరుగెత్తినది నీరు పెట్టడానికి కాదు, గట్లకు గండ్లు కొట్టి నీరు తీయడానికి. కృష్ణా డెల్టాకు కాలువలు వచ్చిన చాలా కాలానికి గాని మురుగు కాలువల విలువ మనకు పూర్తిగా తెలిసిరాలేదు. 1968లో కృష్ణా, గోదావరి డెల్టాలలో మురుగునీటి పారుదల కోసం ప్రత్యేక పన్ను విధించే చట్టాన్ని చేయవలసివచ్చింది. నీరు వచ్చే దారికి శంకుస్థాపనలు జరుగుతాయి, శిలాఫలకాలు నిలుస్తాయి. నీరు పోయే దారిని ఎవరూ కీర్తించరు. పంట మాత్రం రెండింటి మీదా ఆధారపడి ఉంటుంది.

మనుషుల విషయంలోనూ ఈ మాట వర్తిస్తుందని నాకు అనిపిస్తుంది. సందులేని దృఢత్వాన్ని మనం ఎంతో మెచ్చుకొంటాం. ఏది జరిగినా చెక్కుచెదరనివాడని, కంట తడి పెట్టనివాడని పొగడుతాం. కాని వెలుపలి నుండి ఏదీ చొరబడని మనిషిలో, లోపల చేరినది ఎటు పోవాలి? పత్తి పోయిన ఏడు, తన అప్పు సంగతి భార్యకు కూడా చెప్పక లోలోపలే దాచుకొని క్రుంగిపోయిన రైతుల కథలు ఈ మైదానాలలో వినబడుతూనే ఉన్నాయి. పరీక్ష తప్పిన సంగతిని ఇంట చెప్పలేక కుమిలిపోయే విద్యార్థులు ప్రతి కళాశాలలోనూ ఉంటారు. వారిని ముంచేది ఎల్లప్పుడూ వెలుపలి అల కాదు. రోజురోజుకు చుక్కచుక్కగా లోపల చేరిన బరువు, ఒక చిన్న కుదుపుకు ఒక పక్కకు పరుగెత్తి ముంచుతుంది.

తల్లిదండ్రులలో ఒకరు, ఒక స్నేహితుడు, ఒక ఉపాధ్యాయుడు, మనసు విప్పి చెప్పుకోగల మనిషి ఎవరైనా సరే, అటువంటి ఒక తూమును ప్రతివారూ ముందుగానే ఏర్పరచుకోవాలి. తుఫాను నడుమ రంధ్రం వేయడం ఎవరికీ సాధ్యం కాదు. దానికి చోటు చూడాలి, కుళ్ళు లేదని తెలుసుకోవాలి, అంచులు కట్టుదిట్టం చేసుకోవాలి. బిరడా ఉన్నది కదా అని నడిసముద్రంలో విప్పరాదు. ఒడ్డుకు చేరిన తరువాత విప్పకుండానూ ఉండరాదు. బిగించవలసిన వేళ బిగించడం ధైర్యం. విప్పవలసిన వేళ విప్పడం వివేకం. చిల్లు పడుతుందేమోనన్న భయంతో తూము పెట్టుకోవడం మానినవాడు, వాన కురిసిన ప్రతి రాత్రీ ఆ భయంతోనే తెల్లవార్చవలసి ఉంటుంది.